అలాస్కాలో డ్రిల్లింగ్ ఆపితే ధ్రువపు ఎలుగులు బతుకుతాయా?

చలిమంట:
అలాస్కాలోని ఆర్కిటిక్ నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్ అనే అభయారణ్యపు తీరమైదానం మీద మళ్ళీ గొడవ మొదలైంది. 15 లక్షల ఎకరాల నేల అది. 2017 చట్టంతో అక్కడ చమురు లీజులకు దారి తెరిచారు. 2021 వేలానికి పెద్ద కంపెనీ ఒక్కటీ రాలేదు. 2025 జనవరి వేలంలో అసలు బిడ్లే పడలేదు. అయినా అదే ఏడాది ఇంకో చట్టం చేసి, మరో నాలుగు వేలాలు పెట్టాల్సిందేనన్నారు.

నా వాదన ఏమిటంటే, ఎలుగుల పేరుతో ఈ మైదానం మీద పోరాడటం వేరు వదిలి కొమ్మలు నరకడమే. 2008లో అమెరికా ఈ జంతువును ముప్పులో ఉన్నదిగా ప్రకటించింది సముద్రపు మంచు కరుగుతోందనే. అంతరించే జీవుల రక్షణ చట్టాన్ని కర్బన ఉద్గారాల మీద వాడకుండా పక్కనే ఒక రూలూ పెట్టేసింది. అసలు సమస్యను అక్కడే వదిలేశారు.

నీలిగాలి:
మంచు కరగడమే మూలం, ఒప్పుకుంటాను. కానీ ఆ మంచు తగ్గబట్టే తీరమైదానం ముఖ్యమైంది కదండీ! ఈ మైదానాన్ని ఆనుకుని ఉన్న దక్షిణ బోఫోర్ట్ సముద్రంలో ఒకప్పుడు చాలా ఆడ ఎలుగులు తేలే మంచు మీదే బొరియలు చేసుకునేవి. అది పలచబడ్డాక నేల మీదికి వస్తున్నాయి. అక్కడి ఎలుగుల సంఖ్య 2001-2010 మధ్య దాదాపు 40 శాతం పడిపోయింది. మిగిలిన కొద్దిపాటి తల్లుల్లో ప్రతి ఒక్కటీ లెక్కలోకి వస్తుంది.

తల్లి నవంబరు ప్రాంతంలో మంచు బొరియలోకి దూరుతుంది. డిసెంబరు, జనవరిలో పుట్టే పిల్ల కిలో బరువు కూడా ఉండదు. మార్చి, ఏప్రిల్ దాకా బయటికి రాలేదు. నేలను కంపింపజేసి చమురు జాడ వెతికే సీస్మిక్ సర్వే బండ్లు తిరిగేదీ సరిగ్గా ఆ నెలల్లోనే, నేల గడ్డకడితేగాని అంత బరువును మోయదు కాబట్టి. బొరియకు 1.6 కిలోమీటర్ల దూరం పాటిస్తామంటారు. బొరియ ఎక్కడుందో తెలిస్తే కదా! విమానంలోంచి వేడిని పసిగట్టే ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో వెతికితే ఉన్నవాటిలో సగం కూడా దొరకలేదని పరిశోధకులే తేల్చారు.

వెన్నెలకుప్ప:
ప్రపంచంలో 26 వేల దాకా ఉన్నాయని, పైగా పెరిగాయని చదివాను. మరి ఈ టెన్షన్ ఎందుకు?

నీలిగాలి:
పెరిగింది వేటకు కళ్ళెం పడిన చోట. 1973లో అయిదు దేశాలు ఒప్పందం చేసుకున్నది అందుకే. తుపాకీని ఆపితే కొన్ని గుంపులు కోలుకున్నాయి. మంచు పోయిన చోట ఆ మందు పనిచెయ్యదు.

కాలిబాట:
ఆ మైదానంలో మనుషులు కూడా ఉన్నారండీ. కాక్టోవిక్ అనే ఇన్యూపియట్ ఆదివాసుల ఊరు ఉంది. అక్కడి నాయకుల్లో చాలామంది డ్రిల్లింగ్ కావాలంటారు, స్కూళ్ళూ రోడ్లూ నడిచేది చమురు పన్నులతోనే కనుక. దక్షిణాన ఉండే గ్విచిన్ ఆదివాసులు వద్దంటారు, కారిబూ అనే ధ్రువపు జింకల మందలు ఈనేది ఆ మైదానంలోనే కనుక. తిమింగలం వేటయ్యాక ఎముకల కుప్పల దగ్గరికి ఎలుగులు చేరేది కాక్టోవిక్ ఊరి చివరికే. వాటితో రోజూ మెలిగేవాళ్ళను దూరం నుంచి ఎలుగుల శత్రువులనడం నాకు నచ్చదు.

చలిమంట:
బాగా చెప్పారు. అలాస్కా ఉత్తర తీరంలోనే ఉన్న ప్రూడో బేలో 1977 నుంచి చమురు తోడుతున్నారు. అక్కడి పనుల వల్ల చచ్చిన ఎలుగులు చాలా తక్కువ. శీతాకాలపు సర్వే వద్దంటే నాకు అభ్యంతరం లేదు. మొత్తం ఆపమంటేనే పేచీ. ఇక్కడ తియ్యని చమురు ఇంకోచోట తీస్తారు, పొగ అదే.

నీలిగాలి:
అక్కడి సముద్రంలో ఇంతవరకూ చమురు పెద్దగా ఒలకలేదు కాబట్టి ఆ లెక్క తక్కువ. కదిలే మంచు కిందికి చేరిన చమురును ఎత్తే నమ్మకమైన పద్ధతి ఎవరి దగ్గరా లేదు. 1980లో కెనడాలో మూడు ఎలుగులను చమురు తేలే నీళ్ళలోకి దించి చూశారు. బొచ్చు నాక్కుని రెండు చచ్చాయి. ఘోరమైన ప్రయోగం, కానీ జవాబు దొరికింది.

ఇక పొగ సంగతి. 2023లో అనుమతి వచ్చిన అలాస్కాలోని విల్లో చమురు ప్రాజెక్టు దాదాపు 30 ఏళ్ళు నడుస్తుందని అంచనా. ఇక్కడ పైపులైను పడినా అంతే. పెట్టిన డబ్బు రాబట్టేదాకా మూసెయ్యరు. ఉద్గారాలే అసలు సమస్య అని మీరే అంటూ, ఇంకో 30 ఏళ్ళకు సరిపడా బావులు తవ్వమంటే ఎలా?