పుకారు ప్రాసెసర్ల కోసం కొత్త డెస్క్‌టాప్ ఆపుకోవాలా, ఇప్పుడే కొనేయాలా?

రెండర్‌రాత్రులు:

నా దగ్గర 2018లో బిగించుకున్న ఆరు కోర్ల డెస్క్‌టాప్ ఉంది (కోర్ అంటే ప్రాసెసర్‌లో విడిగా లెక్కలు చేసే భాగం). ఎడిటింగ్, 3డి రెండరింగ్ నా పని. నిన్న రాత్రి 300 ఫ్రేముల షాట్ ఒకటి పెట్టి పడుకున్నాను, పొద్దున లేచి చూస్తే ఇంకా 211వ ఫ్రేము దగ్గరే ఉంది, ఫ్యాన్ హోరు పక్క గదిలోకి వినిపిస్తోంది. మార్చేద్దామని ఏడాదిగా అనుకుంటున్నాను, అనుకున్న ప్రతిసారీ ఏదో ఒక పుకారు వచ్చి చెయ్యి పట్టుకుని ఆపేస్తోంది.

ఇప్పుడు తిరుగుతున్నవి రెండు. ఇంటెల్ నోవా లేక్‌లో 52 కోర్లు ఉంటాయట: 16 పెద్దవి, 32 చిన్నవి, ఇంకో 4 బాగా తక్కువ కరెంటుతో నడిచేవి. ఏఎమ్‌డీ జెన్ 6లో ఒక్కో చిప్లెట్‌కి (ప్రాసెసర్‌ని కలిపి కట్టే చిన్న సిలికాన్ ముక్క) 8 బదులు 12 కోర్లు వస్తాయట, అంటే డెస్క్‌టాప్‌లో 24 దాకా. ఇవి నిజమైతే ఇవాళ కొన్నది తొందరగా పాతబడిపోతుంది. నిజం కాకపోతే నేను అనవసరంగా ఇంకో ఏడాది ఈ హోరు వింటూ కూర్చోవాలి. ఆగమంటారా, కొనేయమంటారా? ఏదైనా కారణంతో చెప్పండి.

పాతసాకెట్:

కొనేయండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే నేను ఇలా ఆగి పోగొట్టుకున్నవాణ్ణి.

2018 డిసెంబర్‌లో ఏఎమ్‌డీ రైజెన్ 3000 ప్రాసెసర్ల గురించి ఒక పట్టిక బయటికొచ్చింది, మోడల్ పేర్లతో సహా. అందులో 16 కోర్ల రైజెన్ 9 3850ఎక్స్, 5.1 గిగాహెర్ట్జ్ అని ఉంది. అది చూసి ఆరేడు నెలలు పాత మెషీన్‌తోనే నెట్టుకొచ్చాను. 2019 జూలైలో అసలు చిప్‌లు వచ్చేసరికి పై మోడల్ 3900ఎక్స్, 12 కోర్లు, 4.6 గిగాహెర్ట్జ్. 16 కోర్లది నవంబర్ దాకా రాలేదు, వచ్చింది కూడా 3950ఎక్స్ పేరుతో, 4.7 దగ్గర ఆగింది. 3850ఎక్స్ అనే చిప్ అసలు పుట్టనే లేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు అయింది.

పోనీ అది పాత కథ అనుకుంటే 2024లో జెన్ 5 సంగతి చూడండి. కోరుకి కోరు పోలిస్తే 40 శాతం పెరుగుతుందని నెలల తరబడి ఊదరగొట్టారు. ఆ జూన్‌లో ఏఎమ్‌డీ స్వయంగా చెప్పింది సగటున 16 శాతం ఐపీసీ అని, అంటే అదే క్లాక్ (గిగాహెర్ట్జ్‌లో చెప్పే వేగం) దగ్గర 16 శాతం ఎక్కువ పని. ఆగస్టులో రివ్యూలు వచ్చాక గేముల్లో అంత కూడా కనిపించలేదు. నిజానికి 16 శాతం తక్కువేం కాదు. కానీ 40 అని చెవిలో పడ్డవాడికి 16 చూస్తే మోసపోయినట్టు ఉంటుంది. నెలల తరబడి ఆగడం ఒక నష్టమైతే, తీరా మంచి వస్తువు వచ్చాక దాన్ని చూసి నిరాశపడటం ఇంకో నష్టం.

కోడ్‌కంపైలర్:

పాతసాకెట్ అన్నా, మీ బాధ అర్థమైంది గానీ పుకార్లన్నిటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. అక్కడే నాకు పేచీ.

2024 ఫిబ్రవరిలో, అంటే జెన్ 5 రావడానికి ఆరు నెలల ముందు, ప్రోగ్రాములని ప్రాసెసర్‌కి అర్థమయ్యేలా మార్చే జీసీసీ కంపైలర్‌కి ఏఎమ్‌డీ ఇంజనీర్లు ఒక ప్యాచ్, అంటే కోడ్‌లో మార్పు, పంపారు. కొత్త కోరులో పూర్ణాంకాల లెక్కలు చేసే యూనిట్లు 4 కాదు 6 అని అందులోనే ఉంది. అది యూట్యూబ్‌లో ఎవరో అన్న మాట కాదు, చిప్ తయారుచేసేవాళ్లే రాసిన కోడ్. ఆగస్టులో వచ్చిన చిప్‌లో సరిగ్గా 6 ఉన్నాయి. మరి దీన్నీ ఆ 40 శాతం మాటనీ ఒకే సంచిలో ఎలా వేస్తాం?

నేను చూసే పద్ధతి ఒకటే. ఆ విషయం చిప్ తయారీలో ఎప్పుడు ఖాయమవుతుంది? కోర్లు ఎన్ని, చిప్లెట్‌లు ఎలా అమరుస్తారు, సాకెట్ (బోర్డు మీద చిప్ కూర్చునే చోటు) ఏది, ఏ ఇన్‌స్ట్రక్షన్లు పనిచేస్తాయి, ఇవన్నీ ఏళ్ల ముందే డిజైన్‌లో స్థిరపడిపోతాయి. సాఫ్ట్‌వేర్ వాళ్లకి, బోర్డులు చేసేవాళ్లకి ముందే చెప్పక తప్పదు కాబట్టి బయటికి పొక్కుతాయి, పొక్కినవి చాలావరకు నిజమే అవుతాయి. క్లాక్ స్పీడ్, ఎంత శాతం వేగం, ఏ తేదీ, ఏ ధర, ఇవి చిట్టచివరి వారాల్లో తేల్చుకునేవి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సిలికాన్‌ని పరీక్షించి, ఏది ఎంత వేగం తట్టుకుంటుందో చూసి వేరుచేశాక గానీ కంపెనీకే తెలియదు. కంపెనీకే తెలియని అంకె ఏడాది ముందు ఇంకొకడికి ఎలా తెలుస్తుంది?

మీ 2018 పట్టికనే ఈ లెక్కన మళ్లీ చూడండి. చిప్లెట్ డిజైన్ నిజమైంది, 16 కోర్లు నిజమయ్యాయి. 5.1 అబద్ధం, పేరు అబద్ధం.

వేగం కొలిచే గీక్‌బెంచ్ ఫలితాల్లో కనిపించేవీ అంతే. ప్రాసెసర్ పేరు ఉండాల్సిన చోట "జెన్యూన్ ఇంటెల్ 0000" అనో, 100తో మొదలయ్యే ఏఎమ్‌డీ పార్ట్ నంబరో ఉంటుంది. అది ఇంజనీరింగ్ శాంపిల్, అంటే పరీక్షల కోసం చేసిన చిప్. అందులో కోర్ల సంఖ్య చూడండి, కాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన చిన్న మెమరీ) చూడండి. స్కోర్ మాత్రం వదిలేయండి, ఎందుకంటే శాంపిల్ సగం క్లాక్‌లో, సగం పూర్తయిన బయాస్‌తో (బోర్డుని నడిపే మొదటి సాఫ్ట్‌వేర్) నడుస్తూ ఉండొచ్చు. జనం చేసేది సరిగ్గా దీనికి ఉల్టా: స్కోర్ స్క్రీన్‌షాట్ తీసి ఊరంతా పంచుతారు, మిగతా పేజీ చదవరు.

రెండర్‌రాత్రులు:

అంటే 52 కోర్లనే మాట నమ్మొచ్చు, "రెట్టింపు వేగం" అనే మాట నమ్మకూడదు, అంతేనా?

కోడ్‌కంపైలర్:

దాదాపు అంతే. 52 కోర్ల మోడల్ ఉండే అవకాశం ఎక్కువ. అది ఏ నెలలో మీ చేతికి వస్తుందో, ఎంత కరెంటు తాగుతుందో ఇప్పుడే చెప్పేవాళ్లని మాత్రం దూరం పెట్టండి.

నిశ్శబ్దఫ్యాన్:

నేను చాలాకాలం ఆపిల్ డెస్క్‌టాప్‌ల మీద పనిచేశాను. కంపైలర్ బ్రదర్ చెప్పినదానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు, అందుకే రాస్తున్నాను.

2003 జూన్‌లో ఐబీఎం ప్రాసెసర్‌తో ఆపిల్ డెస్క్‌టాప్ పవర్ మ్యాక్ జీ5 వచ్చింది, 2 గిగాహెర్ట్జ్. పన్నెండు నెలల్లో 3 గిగాహెర్ట్జ్ చేస్తామని స్టీవ్ జాబ్స్ వేదిక మీదే మాట ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి వచ్చింది 2.5, అది కూడా వేడి తట్టుకోలేక నీళ్లతో చల్లబరిచే ఏర్పాటు పెట్టి. 3 గిగాహెర్ట్జ్ జీ5 మ్యాక్ చివరిదాకా రాలేదు. మరోపక్క, ఆపిల్ లోపల మ్యాక్ ఓఎస్ ఎక్స్‌ని ఇంటెల్ ప్రాసెసర్ల మీద నడుపుతున్నారనీ, ఆ ప్రాజెక్టు పేరు మార్క్‌లార్ అనీ 2002 నుంచే పుకారు ఉంది. చాలామంది కొట్టిపారేశారు. 2005 జూన్‌లో జాబ్స్ మళ్లీ వేదిక ఎక్కి ఇంటెల్‌కి మారుతున్నామని చెప్పి, ఐదేళ్లుగా రెండు రకాల ప్రాసెసర్లకీ రహస్యంగా తయారుచేస్తూనే ఉన్నామని ఒప్పుకున్నారు.

చూశారా, వేదిక మీద అధికారికంగా ఇచ్చిన మాట తప్పింది, చాటుగా వినబడ్డ పుకారు నిజమైంది. తప్పింది క్లాక్ అంకె. నిజమైంది కంపెనీ ఎటు వెళ్తోందన్న విషయం.

ఆ పుకారుని పట్టించుకోకుండా 2005లో జీ5 కొన్నవాళ్ల సంగతేమిటి? 2009లో స్నో లెపర్డ్ వచ్చేసరికి వాళ్ల మెషీన్‌కి కొత్త ఓఎస్ లేదు. నాలుగేళ్లు. మళ్లీ 2018లో ఆపిల్ సొంత చిప్‌లకి మారుతుందని వార్త వచ్చింది, 2020 నుంచి మొదలని. సరిగ్గా 2020 నవంబర్‌లో ఎమ్1 వచ్చింది. కాబట్టి "పుకార్లన్నీ చెత్త" అనే మాటతో నేను ఒప్పుకోను. దారి మలుపు తిరుగుతోందని చెప్పే పుకారుని చెవిన వేసుకోకపోతే తర్వాత ఏళ్ల తరబడి బాధపడాలి.

పాతసాకెట్:

ఒప్పుకున్నాను, అన్నిటినీ ఒకే గాటన కట్టడం నా పొరపాటే. కానీ ప్రశ్న అడిగినాయన ముందున్నది దారి మలుపు కాదు కదా. ఇంటెల్, ఏఎమ్‌డీ రెండూ వాడే అదే ఎక్స్86 రకం, అవే ప్రోగ్రాములు, కోర్లు పెరుగుతాయంతే.

ఆ కోర్ల మాటే తీసుకుందాం, 52 నిజమే అనుకుందాం. డీడీఆర్5-6400 మెమరీ రెండు ఛానెళ్లలో సెకనుకి 102.4 గిగాబైట్లు పారుతాయి. 24 కోర్లకి పంచితే ఒక్కోదానికి 4.3 దగ్గర. 52కి పంచితే 2 కూడా రాదు. ఇంకాస్త వేగమైన మెమరీ పెట్టినా కోర్లు పెరిగినంతగా అది పెరగదు. బిందెకి కుళాయిలు పెంచినంత మాత్రాన బిందెలోకి వచ్చే నీళ్లు పెరగవు.

ఇంకోటి, విడుదలైన రోజే వస్తువు సిద్ధమైనట్టు కాదు. 2024 అక్టోబర్ 24న ఇంటెల్ కోర్ అల్ట్రా 200ఎస్ వచ్చింది. చాలా గేముల్లో తన అన్నగారైన 14900కే కన్నా వెనకబడింది, అనుకున్నట్టు రాలేదని ఇంటెల్ కూడా ఒప్పుకుని అప్‌డేట్‌లు ఇచ్చుకుంటూ వెళ్లింది. అంతకుముందు 13, 14 తరాల చిప్‌లలో అతిగా వోల్టేజ్ వెళ్లి క్రాష్‌లు అవుతున్నాయన్న కారణం 2024 వేసవి దాకా తేలలేదు, 13వ తరం వచ్చింది 2022లో. మైక్రోకోడ్ (చిప్ పనితీరుని సరిదిద్దే అప్‌డేట్) ఇచ్చి, వారంటీ రెండేళ్లు పెంచాల్సి వచ్చింది. నోవా లేక్ 2026 చివర్లో అని ఇంటెల్ చెప్పింది. దాని మీద ఒక ఆరు నెలలు వేసుకుంటే గానీ నమ్మకంగా కొనలేం. అప్పటిదాకా ఈయన రాత్రంతా రెండర్ పెట్టి, పొద్దున్నే ఫ్రేములు లెక్కపెట్టుకోవాలా?

కోడ్‌కంపైలర్:

చివరి మాటకి నా దగ్గర జవాబు లేదు, నిజమే. మెమరీ పారే వేగం (బ్యాండ్‌విడ్త్) లెక్క మాత్రం ఈయన పనికి సరిపోదు. ప్రాసెసర్ మీద చేసే రెండరింగ్ ఎక్కువగా కాష్‌లోనే తిరుగుతుంది, సినీబెంచ్ లాంటి రెండర్ పరీక్షలు మెమరీ స్పీడ్ మార్చినా పెద్దగా కదలవు. కోర్లు పెరిగితే రెండర్ వేగం పెరుగుతుంది. పెద్ద సిమ్యులేషన్లు చేసేవాళ్లకైతే మీ లెక్క అక్షరాలా నిజం.

ఆగితే లాభపడ్డ సందర్భాలూ ఉన్నాయి. 2024 ఆగస్టులో తొందరపడకుండా, కొత్త ఎక్స్3డి (ఏఎమ్‌డీ అదనపు కాష్ పెట్టిన చిప్) వస్తోందన్న మాట విని ఆగినవాళ్లకి నవంబర్ 7న 9800ఎక్స్3డి దొరికింది. అదనపు కాష్‌ని కోర్ల పైనుంచి తీసి కిందికి పెట్టారు, దాంతో కోర్ల వేడి నేరుగా పై మూతకి వెళ్తుంది, ముందటి 7800ఎక్స్3డితో పోలిస్తే క్లాక్ 5.0 నుంచి 5.2కి పెరిగింది, బేస్ 4.2 నుంచి 4.7కి. గేములాడేవాళ్లకి ఆ మూడు నెలలు ఆగడం బంగారంలాంటి నిర్ణయం. మూడు నెలలు ఆగడం వేరు, ఏడాదిన్నర ఆగడం వేరు, అది మాత్రం ఒప్పుకుంటాను.

నాలుగుస్లాట్లు:

ఇంతసేపూ ప్రాసెసర్ గురించే మాట్లాడారు, బోర్డు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఈయన ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది.

నేను 2017లో ఏఎమ్‌డీ ఏఎమ్4 సాకెట్ బోర్డు కొన్నాను. 2022లో బయాస్ అప్‌డేట్ చేసి అదే బోర్డులో 5800ఎక్స్3డి కూర్చోబెట్టాను. పాత చిప్ తీసి, పాత పేస్ట్ గట్టిపడి ఉంటే మెత్తగా తుడిచి, కొత్తది పెట్టి బటన్ నొక్కితే మొదటిసారి స్క్రీన్ రావడానికి చాలా నిమిషాలు పట్టింది, ఆ కాసేపు టెన్షన్ అంతా ఇంతా కాదు. కానీ వచ్చింది. ర్యామ్, బోర్డు, కేబినెట్ ఏదీ మార్చలేదు.

ఏఎమ్5 సాకెట్‌ని 2027 దాకా, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎమ్‌డీ చెప్పింది. ఇంటెల్ వైపు నోవా లేక్‌కి ఎల్‌జీఏ 1954 అనే కొత్త సాకెట్ అని వినబడుతోంది, కంపైలర్ గారి లెక్కన సాకెట్ మాట నమ్మదగ్గ రకమే. కాబట్టి ఇవాళ ఏఎమ్5 తీసుకుంటే పుకారు నిజమైన రోజున చిప్ ఒక్కటీ మార్చుకోవచ్చు.

ఒక హెచ్చరిక మాత్రం. 2020 మేలో జెన్ 3 పాత 400 సిరీస్ బోర్డుల మీద పనిచేయదని ఏఎమ్‌డీ ప్రకటించింది, జనం గొడవ చేస్తే రెండు వారాల లోపే మాట మార్చింది. సాకెట్ కొనసాగుతుందని అన్నంత మాత్రాన మీ బోర్డుకి బయాస్ వస్తుందని కాదు. ఇంతకుముందు బోర్డులకి ఏళ్ల తరబడి అప్‌డేట్‌లు ఇచ్చిన కంపెనీని చూసి తీసుకోండి.

ఆగేవాళ్లు మెమరీని కూడా మర్చిపోతున్నారు. డేటా సెంటర్లు చిప్‌లన్నీ లాగేసుకోవడంతో 2025 చివరినుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. ఆ డిసెంబర్‌లో మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండ్‌ని మామూలు కొనుగోలుదారులకి అమ్మడం మానేస్తున్నట్టు ప్రకటించింది. ప్రాసెసర్ కోసం ఆగి ర్యామ్ దగ్గర దెబ్బతిన్నవాళ్లు నా పరిచయాల్లోనే ఉన్నారు.

రెండర్‌రాత్రులు:

మెమరీ మాట చదివి ఇందాక అదే షాట్ మళ్లీ పెట్టి గ్రాఫ్ చూశాను. నా 16 జీబీ ఇరవయ్యో ఫ్రేము దాటకముందే నిండిపోయింది, ఆ తర్వాత డిస్క్ లైట్ ఆగకుండా వెలుగుతూనే ఉంది, ప్రాసెసర్ వాడకం 60 శాతం దగ్గర ఊగుతోంది. అంటే ఏడాదిగా ప్రాసెసర్ నెమ్మది అనుకుంటున్నదాంట్లో చాలావరకు ర్యామ్ చాలకపోవడమే. 52 కోర్లు పెట్టినా ఇదే ర్యామ్‌తో అవి ఖాళీగా కూర్చునేవి.

ఆగడం లేదు. ఏఎమ్5 బోర్డు, 12 కోర్ల 9900ఎక్స్, 64 జీబీ ర్యామ్. జెన్ 6 వచ్చి, బయాస్‌లు కుదురుకుని, రివ్యూలు చదివాక అప్పుడు చిప్ సంగతి చూస్తాను.

పాతసాకెట్:

మంచి పని. కూలర్ దగ్గర మాత్రం పిసినారితనం చేయకండి, రాత్రంతా నడిచే మెషీన్ అది.

నాలుగుస్లాట్లు:

64 జీబీని 32 చొప్పున రెండు స్టిక్కులుగా తీసుకోండి, 16 చొప్పున నాలుగు వద్దు. రైజెన్ 9000కి రెండు స్టిక్కులతో అధికారికంగా 5600 స్పీడ్ ఇస్తారు, నాలుగు పెడితే 3600కి దిగిపోతుంది. బోర్డు మీద నాలుగు స్లాట్లు ఉన్నాయి కదా అని నింపేయకండి, ప్రాసెసర్‌కి దూరం నుంచి లెక్కపెడితే మొదటిదీ మూడోదీ వాడండి, అంటే ఎ2, బి2.