బైపీసీలో చేరితే లెక్కల పీడ వదులుతుందా?

జిరాక్స్ అన్న, బాలాజీ కాలనీ:
తిరుపతిలో నాది జిరాక్స్ కొట్టు. ఊళ్లో పిల్లల అప్లికేషన్లు, హాల్ టికెట్లు సగం నా చేతిమీదుగానే పోతాయి. సొంత బిడ్డ దగ్గరికొచ్చేసరికి ఏమీ తోచట్లేదు. పాప ఈసారి పది పాసైంది. బయాలజీలో 50కి 47, ఫిజికల్ సైన్స్‌లో 34, లెక్కల్లో 100కి 68. మందార పువ్వును బ్లేడుతో నిలువునా కోసి, లోపల ఏముందో బొమ్మ గీస్తూ గంటసేపు కూర్చుంటుంది. అదే కటకాల (లెన్సుల) లెక్క ఇస్తే ప్లస్సా మైనస్సా అని ఏడుపు. ‘బైపీసీ అయితే లెక్కలుండవు కదా నాన్నా’ అంటోంది. కాలేజీల పీఆర్వోల ఫోన్లు సరేసరి. ఒకాయన ఇంటికొచ్చి, పాపను ఒక్క మాటా అడక్కుండానే ఎంపీసీ ఫారం నింపబోయాడు! డాక్టరే కావాలని మాకేం లేదు. ఏర్పేడు దగ్గర ఐసర్‌లో, అదే సైన్స్ చదువు, పరిశోధన జరిగే కేంద్ర సంస్థలో చదవాలని దాని ఆశ. బైపీసీతో ఆ దారి మూసుకుపోతుందా?

రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్:
లెక్కలకు భయపడి బైపీసీకి వచ్చినవాళ్లకు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పాను సామీ. ఫిజిక్స్ రెండు గ్రూపుల్లోనూ ఉంది. చేరిన కొత్తలోనే వెక్టర్లు, సైన్ తీటా, కాస్ తీటా ఎదురొస్తాయి. నీట్‌లో 720కి 180 మార్కులు ఫిజిక్స్‌వే. ఎంపీసీ తీసుకుంటే నీట్ పోతుంది, బైపీసీ తీసుకుంటే జేఈఈ పోతుంది. మీ పాపకు జేఈఈ పోతే బాధేముంది?
కటకాల ఏడుపుకు మందు చెప్తా. వస్తువును ఎడమ పక్కన పెట్టి, కాంతి కుడివైపు పోతున్నట్టు ఒక బాణం గీయమనండి. దూరాలన్నీ కటకం మధ్య నుంచే కొలవాలి. బాణం పోయే వైపు ప్లస్, ఎదురు వైపు మైనస్. బొమ్మ లేకుండా సూత్రంలో అంకెలు వేస్తే నాకూ తప్పుతుంది.
ఇంకోటి, కాలేజీకి పోయినప్పుడు ఏసీ క్లాసు రూములు కాదు, ల్యాబ్ చూపించమనండి.

ఏర్పేడు నుంచి:
అంకుల్, నేను బైపీసీ చదివే ఐసర్‌లో చేరాను. ఐఏటీ అనే పరీక్ష రాయాలి. 60 ప్రశ్నలు, మూడు గంటలు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ ఒక్కోదానికి 15. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. లెక్కల్లో నేను పెట్టినవి నాలుగే, తక్కినవి ముట్టుకోలేదు. చేరాక మాత్రం మొదట్లో నాలుగు సబ్జెక్టులూ చదవాల్సిందే. క్యాల్‌క్యులస్ క్లాసులో నేను తెల్లమొహం వేస్తే, బయాలజీ క్లాసులో ఎంపీసీ వాళ్లు వేశారు.

చిత్తూరు అమ్మ:
2025-26 నుంచి ఎంబైపీసీ కూడా వచ్చింది కదన్నా, లెక్కలూ బయాలజీ రెండూ ఉంటాయి. మా అక్క కొడుకు అందులోనే చేరాడు. వాడికి ఆదివారం కూడా ట్యూషనే. పాపకు ఓపికుంటేనే చూడండి.

జిరాక్స్ అన్న, బాలాజీ కాలనీ:
అంత బరువు వద్దులే అక్కా. పొద్దున కొట్టు మూసి రెండు కాలేజీలు చూసొచ్చాం. మొదటి చోట ల్యాబ్ తాళం ఎవరి దగ్గరుందో వాళ్లకే తెలీదు. రెండో చోట మేడం ఉల్లిపొర పెట్టి మైక్రోస్కోపు ఇచ్చింది. పాప దాని మీద నుంచి తల ఎత్తితే కదా! అక్కడే బైపీసీకి ఫారం తీసుకున్నాం. మాస్టారూ, బాణం గీసి మూడు లెక్కలు చేసింది, రెండు కరెక్టయ్యాయి. అద్దాల లెక్కలకూ ఇదే పద్ధతా అని మిమ్మల్ని అడగమంటోంది.