"ఛాయాగ్రాహి మహావీర్యం..." ముందు పాదం ఎవరికైనా గుర్తుందా?

నన్నారి:
మన తొలి మహిళా ఫొటో జర్నలిస్టు హొమాయ్ వ్యారావాలా మీద చిన్న వ్యాసం రాస్తున్నాను. ఆవిడకు ఏ మాట వాడాలా అని ఆలోచిస్తుంటే పై ముక్క నాలుక మీదికొచ్చి కూర్చుంది. సుందరకాండే, కానీ ముందు పాదం ఎంతకీ తట్టడం లేదు. పనిలో పని, ఫొటోగ్రాఫర్ అనే అర్థంలో ఆవిడను ఛాయాగ్రాహి అనవచ్చా?

కొండమల్లి:
"కపిరాజేన కథితం సత్త్వమద్భుతదర్శనమ్ / ఛాయాగ్రాహి మహావీర్యం తదిదం నాత్ర సంశయః." సింహిక ఘట్టం. సుగ్రీవుడు ముందే చెప్పిన భూతం ఇదేనని హనుమ పోల్చుకుంటాడు. నీడ పట్టి లాగి మింగే రాక్షసి మాట ఆవిడకెందుకండీ?

పాతసంచిక:
అర్థం సంగతి తర్వాత, ముందు ఆ "హి" చూడండి. అక్కడ విశేష్యం "సత్త్వం", నపుంసకం, అందుకే హ్రస్వం. స్త్రీలింగమైతే గ్రాహిణీ. తెలుగులో ఛాయాగ్రాహిణి అనాలి.

తుంగభద్ర:
ఒప్పుకోను మాస్టారూ. తెలుగులోకి వచ్చాక ఇన్నంతాలు (సంస్కృతంలో "ఇన్" చివరగల మాటలు) ఆడామగా చూడవు. "ఆవిడ నా విరోధి", "ఆవిడ త్యాగి" అంటాం. విరోధిని, త్యాగిని అని ఎవరంటారు? గ్రాహి చాలు.

పాతసంచిక:
యోగిని, తపస్విని ఏమయ్యాయి మరి? పైగా వాల్మీకి సాక్ష్యమే ఉంది. అదే రాక్షసిని కిష్కింధకాండలో సుగ్రీవుడు చెప్పేటప్పుడు "అంగారకేతి విఖ్యాతా ఛాయామాక్షిప్య భోజినీ". భోజి కాదు, భోజినీ.

కొండమల్లి:
సుగ్రీవుడికి అది రాక్షసి అని తెలుసు. హనుమకు నీళ్లలోంచి లేచినది మొదట "సత్త్వం"గానే కనబడింది. లింగం మార్చడంలో వాల్మీకి చూపు అది. దానికి కాస్త ముందున్న శ్లోకం చదవండి, తన వేగం ఎవరో పట్టి ఆపినట్టయితే "ప్రతిలోమేన వాతేన మహానౌరివ సాగరే" అనుకుంటాడు. ఎదురుగాలికి చిక్కిన పెద్ద ఓడ! ఎగిరేవాడి ఒంట్లో ఆ బరువు ఎలా తెలిసిందో ఒక్క పాదంలో చెప్పాడు. ఎన్నిసార్లు చదివినా అక్కడ ఆగిపోతాను.

నన్నారి:
లింగం సంగతి నాకు ముఖ్యమవడానికి కారణం ఉంది. మొదట్లో ఆవిడ తీసిన ఫొటోలు భర్త మానెక్షా పేరుతో అచ్చయ్యాయి. 1942 నుంచి ఢిల్లీలో, చీర కట్టుకుని, బరువైన స్పీడ్ గ్రాఫిక్ కెమెరా మోస్తూ మగవాళ్ల గుంపులో నిలబడి తీసిన మనిషి. 1947 ఆగస్టు జెండా, మౌంట్‌బాటెన్ వీడ్కోలు, గాంధీ అంత్యక్రియలు, అన్నీ తీశారు. మాటలో ఆడమనిషి కనబడాలి.

తుంగభద్ర:
ఆవిడ తనకు తాను పెట్టుకున్న పేరు చూడండి: డాల్డా 13. పుట్టింది 1913లో, భర్త పరిచయమైంది 13వ ఏట, మొదటి కారు నంబరు డీఎల్‌డీ 13. అందులో ఆడా మగా ఎక్కడుంది?

కొండమల్లి:
గాంధీ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. 1948 జనవరి 30న బిర్లా హౌస్ ప్రార్థనకు బయల్దేరిన ఆవిడ, రేపు కలిసి వెళ్దామని భర్త పిలిస్తే వెనక్కి తిరిగారు. గాంధీ హత్య జరిగిన ఆ క్షణం చిత్రం తప్పిపోయిందన్న బాధ ఆవిడను వదల్లేదు. వ్యాసంలో ఇది తప్పకుండా ఉండాలి.

రేగడి:
ఛాయాగ్రాహకురాలు అని పత్రికల్లో ఎప్పటినుంచో వస్తోంది. సేవకురాలు లాగే. కొత్త మాట దేనికి?

పాతసంచిక:
అది "రాలు" అనే తెలుగు ప్రత్యయం తగిలించిన రూపం, తప్పనను. సంస్కృత పద్ధతిలోనైతే నాయక, నాయిక లాగా ఛాయాగ్రాహిక. నాకు మాత్రం గ్రాహిణి చెవికి నిండుగా ఉంది.

రేగడి:
అలాగైతే గాయకుడికి గాయిక అనాలిగా? మనం గాయని అంటున్నాం.

పాతసంచిక:
గాయని "గాయన" శబ్దం నుంచి వచ్చింది, గాయక నుంచి కాదు. అది వేరే చర్చ, కొత్తగా మొదలుపెట్టండి, వస్తాను.