చిన్న బండికి సొంత క్యారియర్: వెల్డింగ్ కొట్టాలా, బోల్టులతో బిగించాలా?

రెండుచక్రాలు:
నా బండి 125 సీసీ, వెనక గ్రాబ్ రైల్ (వెనక మనిషి పట్టుకునే కడ్డీ) తప్ప సామాను కట్టడానికి ఏమీ లేదు. సీటు మీద బ్యాగు కట్టేస్తే వెనక మనిషికి చోటుండదు, అందుకని సీటు వెనక టెయిల్ మీదకి ఒక క్యారియర్ సొంతంగా చేసుకుందామని. టెంటు, బట్టల బ్యాగు, అంతా కలిపి 10 కేజీలు దాటదు. ఎవర్ని అడిగినా రెండు మాటలు చెప్తున్నారు, ఒకరేమో ఎమ్‌ఎస్ (మామూలు మెత్తటి స్టీలు) పైపు వంచి వెల్డింగ్ కొట్టెయ్ అంటారు, ఇంకొకరేమో అల్యూమినియం పట్టీలు తెచ్చి బోల్టులతో బిగించు వెల్డింగ్ జోలికి పోకు అంటారు. నా దగ్గర చిన్న ఆర్క్ మెషిను, గ్రైండరు, డ్రిల్లు ఉన్నాయి. ఏది నయం?

ఆర్క్ బాబాయ్:
ఆలోచించేదేముంది, వెల్డింగే. 12 ఎమ్‌ఎమ్ గుండ్రటి పైపు, గోడ మందం 1.5కి తగ్గకుండా చూస్కో. రాడ్డు 2 ఎమ్‌ఎమ్ 6013 రకం చాలు, కరెంటు 50 ఆంప్స్ చుట్టుపక్కల పెట్టి చిన్న చిన్న ముక్కలుగా కొట్టు, ఒకేసారి గీత లాగావంటే పైపుకి బొక్క పడుద్ది. వంచే ముందు లోపల ఇసుక గట్టిగా కూరి రెండు చివర్లా బిరడా కొట్టు, లేకపోతే మూల దగ్గర నొక్కుకుపోద్ది. ఇసుక బాగా ఎండినదై ఉండాలి, తడి ఇసుక కూరి పైపు వేడి చేశావంటే ఆవిరి పట్టి బిరడా తూటాలాగా వస్తది. అల్యూమినియం చూడ్డానికి బాగుంటది అంతే. స్టీలుకి ఒక హద్దుంటది, దాని లోపల ఉన్నంత కాలం ఎన్ని లక్షల కుదుపులు తిన్నా అలసిపోదు. అల్యూమినియంకి ఆ హద్దే లేదు, చిన్న కుదుపు కూడా లెక్కలో పడుతూనే ఉంటది.

హాక్సా:
బాబాయ్ గారూ, మీరు చెప్పిన ఆ హద్దు నున్నటి కడ్డీకి, వెల్డ్ కొట్టిన పైపుకి కాదు. వెల్డ్ అంచున సన్నటి గాడి పడుతుంది, పక్కన లోహం వేడికి మారిపోతుంది, పగులు మొదలయ్యేది అక్కడే. అది కూడా పెయింట్ కింద. బయటికి కనిపించేసరికి సగం పైపు తెగిపోయి ఉంటుంది. బోల్టు జాయింటుకి ఆ గోల లేదు, లూజైతే చేత్తో ఊపి చూస్తే తెలుస్తుంది, పట్టీ వంగితే ఆ ఒక్క పట్టీ మార్చుకుంటే సరిపోతుంది. పైగా ఆయన దగ్గరున్నది చిన్న మెషిను, చెయ్యి తిరిగినవాళ్ళే పలచటి పైపు మీద ఆర్క్ కొట్టడానికి ఆలోచిస్తారు.

ఆర్క్ బాబాయ్:
పట్టీకి డ్రిల్లు వేస్తావుగా మరి? లాగే బరువు కింద ఉన్న పట్టీలో గుండ్రటి బొక్క పెడితే ఆ బొక్క అంచున ఒత్తిడి దాదాపు మూడు రెట్లు అవుద్ది. నీ ప్రతి బోల్టూ ఒక బొక్కే కదా నాయనా.

హాక్సా:
అందుకే 5 ఎమ్‌ఎమ్ మందం పట్టీ వాడమనేది, అందుకే బొక్కని అంచుకి దూరంగా పెట్టమనేది. బొక్క అంచు రెండు వైపులా ఫైలు పట్టి గీరు లేకుండా చేస్తే సగం గొడవ పోతుంది.

బరువు_లెక్క:
దేంతో చెయ్యాలి అని కొట్టుకుంటున్నారు గానీ ఎక్కడ పట్టించాలి అని ఒక్కరూ అడగలేదు. రెండుచక్రాలు గారూ, మీ గ్రాబ్ రైల్ బోల్టులు ఎలా ఉన్నాయి? సైజెంత, ఒకదానికీ ఒకదానికీ మధ్య దూరమెంత?

రెండుచక్రాలు:
ఒక్కో పక్క రెండేసి, 8 ఎమ్‌ఎమ్ బోల్టులు. ముందు బోల్టుకీ వెనక బోల్టుకీ మధ్య 100 ఎమ్‌ఎమ్ ఉంది. బ్యాగు మధ్యభాగం వెనక బోల్టు నుంచి 300 ఎమ్‌ఎమ్ వెనక్కి వస్తుంది.

బరువు_లెక్క:
ఇంక లెక్క చూడండి. క్యారియర్ వెనక బోల్టు మీద తూకంలా ఆనుతుంది. వెనక 300 దూరంలో 10 కేజీలు కిందకి నొక్కితే, ముందు 100 దూరంలో ఉన్న జత బోల్టుల మీద పైకి లాగే బరువు 30 కేజీలు. వెనక జత మీద కిందకి 40. ఇది బండి స్టాండు మీద ఉన్నప్పుడు. గుంతలో పడినప్పుడు మూడు రెట్ల కుదుపు అనుకుంటే ముందు జత మీద 90, వెనక 120. అయినా బోల్టు తెగుతుందని భయపడక్కర్లేదు, 8.8 గ్రేడు 8 ఎమ్‌ఎమ్ బోల్టు నిలువునా లాగితే రెండు టన్నుల దాకా ఓర్చుకుంటుంది. ముందు పోయేది ఆ బోల్టు పట్టుకున్న చిన్న రేకు ముక్క, అంటే ఫ్రేము చెవి. అది గ్రాబ్ రైలు కోసం పెట్టింది, వెనక వేలాడే సామాను కోసం కాదు. క్యారియర్ స్టీలైనా అల్యూమినియమైనా ఆ చెవికి తేడా తెలీదు.

చక్రాల సంగతి కూడా చెప్తా. వీల్‌బేస్ 1250 ఎమ్‌ఎమ్ అనుకుందాం, బ్యాగు వెనక ఇరుసుకి 300 వెనక ఉంటే వెనక చక్రం మీద 12.4 కేజీలు పెరుగుతుంది, ముందు చక్రం మీద 2.4 తగ్గుతుంది. 10 కేజీలకి ఇది పెద్ద విషయం కాదు. కానీ క్యారియర్ ఉంది కదా అని 25 కేజీలు కట్టి వెనక మనిషిని కూడా ఎక్కించుకుంటే ఎత్తు ఎక్కేటప్పుడు హ్యాండిల్ తేలిపోతుంది. బండి పుస్తకంలో మొత్తం బరువుకి పరిమితి రాసి ఉంటుంది, మీరు, వెనక మనిషి, సామాను, ఈ క్యారియర్ అన్నీ కలిపి దాని లోపలే ఉండాలి.

హాక్సా:
అయితే కింద నుంచి ఒక సపోర్టు రాడ్డు పెట్టాలి అంటారు.

బరువు_లెక్క:
అంతే. క్యారియర్ వెనక అంచు నుంచి ముందుకి కిందకి ఏటవాలుగా రెండు పక్కలా ఒక్కో సపోర్టు. అప్పుడు త్రికోణం అవుతుంది, చెవి మీద లాగుడు చాలావరకు పోతుంది. ఆ సపోర్టు నొక్కుడులో పనిచేస్తుంది కాబట్టి పట్టీ వద్దు, పొడుగ్గా ఉంటే పక్కకి వంగిపోతుంది, పైపే పెట్టండి.

ఆర్క్ బాబాయ్:
ఇది ఒప్పుకుంటా. షాకప్ పై బోల్టుకి బిగించెయ్, అంత గట్టి చోటు బండి మొత్తం మీద ఇంకోటి లేదు.

ఆయిల్ మరక:
గట్టి చోటే, కానీ ఆ స్టడ్డు పొడవు షాకప్‌కీ నట్టుకీ సరిపోయేలా ఇచ్చి ఉంటుంది. మధ్యలో సపోర్టు చివర ఉండే 3 ఎమ్‌ఎమ్ పట్టీ దూరిస్తే నట్టుకి థ్రెడ్లు చాలవు. బిగించాక ఒకటి రెండు థ్రెడ్లు నట్టు దాటి బయటికి కనపడాలి, కనపడకపోతే అక్కడ పెట్టొద్దు, సబ్‌ఫ్రేము (సీటు కింద ఫ్రేము) పైపుకి రబ్బరు వేసి క్లాంపు కొట్టుకోండి. స్ప్రింగుకి ఎక్కడా రాసుకోకుండా చూడండి, మనిషి ఎక్కి ఊగితే షాకప్ ఎంత కదులుతుందో చూసి అప్పుడు కొలతలు తియ్యండి. సైలెన్సరు పక్కన ఉన్న సపోర్టు బ్యాగుని దానికి దగ్గరగా తేకూడదు, ఇండికేటర్లు నంబరు ప్లేటు కనపడాలి, ఇవి వేరే చెప్పక్కర్లేదు అనుకుంటా.

ఇంకో ముఖ్యమైన మాట. బండి మీద పెట్టి వెల్డింగ్ కొట్టొద్దు. కొలతకోసం టాకు (చిన్న చుక్క వెల్డు) కొట్టాలన్నా ముందు బ్యాటరీ మైనస్ తీసెయ్యండి, ఇంజెక్షన్ బండైతే ఈసీయూ (ఇంజిన్ని నడిపే కంప్యూటరు) కప్లరు కూడా. ఎర్త్ క్లిప్పు ఎక్కడో ఇంజినుకి తగిలించి టెయిల్ దగ్గర కొడితే ఆ కరెంటు బేరింగుల గుండా కూడా పోవచ్చు, గోళీల మీద మచ్చలు పడతాయి. పెట్రోలు ట్యాంకు పక్కన నిప్పురవ్వల సంగతి సరే సరి. జీఐ పైపు (జింకు పూత వేసింది) చవగ్గా దొరికిందని అదే వెల్డ్ చేస్తారు కొందరు, ఆ జింకు పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది, పూత గ్రైండ్ చేశాకే కొట్టండి.

కొత్త_రైడర్:
ఇంత గొడవ ఎందుకండీ రెడీమేడ్ కొనుక్కుంటే పోలా

రెండుచక్రాలు:
ఈ మోడల్ ఆగిపోయింది బ్రో, దీనికి ఎవరూ చెయ్యట్లేదు. ఉంటే ఈ పాటికి కొనేవాణ్ణి.

సరే, ఇప్పటికి నాకు అర్థమైంది ఇది. పైన ఫ్రేము స్టీలు పైపుతో వెల్డింగ్, రెండు సపోర్టులు విడిగా చేసి బోల్టులతో. గ్రాబ్ రైల్ దగ్గర ప్లాస్టిక్ ప్యానెల్ మీద నుంచి 20 ఎమ్‌ఎమ్ ఎత్తు రావాలి, దానికి రబ్బరు వాషర్లు పేర్చొచ్చా?

ఆయిల్ మరక:
వద్దు. రబ్బరు కొన్నాళ్ళకి అణిగిపోతుంది, బోల్టు లూజవుతుంది. స్టీలు బుష్ (గొట్టం ముక్క) కోయించుకోండి, బోల్టు కాస్త పొడుగుది వేసి నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండేది). ఎత్తు 20 కంటే పెరిగితే బోల్టు పక్కకి వంగడం మొదలుపెడుతుంది, అప్పుడు బుష్ కాకుండా బ్రాకెట్ చేసుకోవాలి.

హాక్సా:
సపోర్టు పైపు చివర్లు సుత్తితో చదును చేసి డ్రిల్లు వేస్తారు చూడండి, గుండ్రం నుంచి చదునుకి మారే మడత దగ్గరే అది పగులుతుంది. మడత మెల్లగా, పొడుగ్గా ఉండేలా కొట్టండి, లేదా చివర ఒక పట్టీ ముక్క వెల్డ్ చేసుకోండి. అవును బాబాయ్, వెల్డింగే అన్నా.

ఆర్క్ బాబాయ్:
చూశా చూశా. అన్ని చివర్లూ మూసి వెల్డ్ చేసినా కింద వైపు ఒక చిన్న బొక్క పెట్టు, లేకపోతే లోపల చేరిన నీళ్ళు లోపల్నుంచే పైపుని తినేస్తాయి. ఆ బొక్క మటుకు వెల్డ్ పక్కన వెయ్యకు, హాక్సా మళ్ళీ గొడవకొస్తాడు.