బరంపురం నుండి మహేంద్రగిరి మీదుగా పర్లాకిమిడి: వేసవి ప్రయాణానికి సలహా కావాలి

మేము బరంపురంలో స్థిరపడిన తెలుగు కుటుంబం. మే నెల రెండవ వారంలో, మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారిని, తొమ్మిదేళ్ళ మా అబ్బాయిని వెంటబెట్టుకొని, తప్తపాణి వేడినీటి బుగ్గనూ చంద్రగిరి దగ్గరి టిబెట్ వారి బౌద్ధారామాన్నీ చూసుకుంటూ పర్లాకిమిడిలోని మా మేనత్తగారింటికి కారులో వెళ్ళాలనుకుంటున్నాము.

దారిలో మహేంద్రగిరి ఎక్కాలన్నది మా అబ్బాయి కోరిక. 1,501 మీటర్ల ఆ కొండ మీద కుంతి, ధర్మరాజు, భీముల పేర్లతో ఉన్న ప్రాచీన ఆలయాలను కన్నుమూసేలోగా ఒక్కసారైనా చూడాలని అత్తగారు ఎన్నో ఏళ్ళుగా అంటున్నారు. ఆ కోరిక ఈసారైనా తీర్చాలని నా ఆరాటం.

ఇటీవల వెళ్ళివచ్చినవారు దయచేసి చెప్పండి: మామూలు కారు ఎంతవరకు వెళ్తుంది, అక్కడి నుండి ఆలయాల వరకు ఎంత నడవాలి, ఆ నడకలో ఆమె కూర్చొని సేద తీరడానికి నీడ, తాగునీరు దొరుకుతాయా? మధ్యాహ్నపు ఎండకూ, సాయంత్రం పిడుగులతో వచ్చే వానకూ చిక్కకుండా దిగిరావాలంటే ఎన్ని గంటలకు బయలుదేరాలి? ముందురోజు రాత్రి కొండకు దగ్గరలో బస చేయడం మేలా, లేక పర్లాకిమిడి చేరి, మేనత్తగారింట రెండు రోజులు విశ్రమించి, అక్కడి నుండి తెల్లవారుజామున వెళ్ళడం మేలా? నాకు రెండవదే సబబనిపిస్తోంది.