పాత చేపల తొట్టిలో తోట: అడుగున గులకరాళ్లు పోయాలా, వద్దా?

బెజవాడ బాల్కనీ:
పిల్లలు హాస్టళ్లకు వెళ్లాక చేపల్ని తెలిసినవాళ్లకు ఇచ్చేశాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి ఖాళీగా పడి ఉంది. ఓ మూల సిలికాన్ ఊడి సన్నగా నీరు కారుతోంది కాబట్టి మళ్లీ చేపలు పెట్టే ఆలోచన లేదు. పాత సామాన్లవాడికి ఇచ్చే బదులు టెర్రేరియం, అంటే గాజు పెట్టెలో చిన్న తోట, చేద్దామనుకుంటున్నాను. వీడియోల్లో అందరిదీ ఒకటే పాట: అడుగున గులకరాళ్లు, దానిపైన బొగ్గు, ఆపైన మట్టి. అగ్రికల్చర్ చదివిన మా తమ్ముడేమో రాళ్లు దండగ అంటున్నాడు. తొట్టికి కన్నం లేదు కదా, రాళ్లు లేకపోతే నీళ్లు ఎక్కడికి పోతాయి? ఇంకోటి, మూత ఉంచాలా, తీసెయ్యాలా? మా ఊరి ఎండలు మీకు తెలిసినవే.

కడియం పక్కూరు:
రాళ్లు పొయ్యండి, రెండో ఆలోచన వద్దు. కన్నం లేని గాజు పాత్రకి అడుగున రెండంగుళాల రాళ్లు ఉండాల్సిందే. మనం ఎంత జాగ్రత్తగా ఉన్నా ఏదో ఒక రోజు ఓ గ్లాసు నీళ్లు ఎక్కువ పడతాయి. అవి మట్టిలో నిలిస్తే వేళ్లు కుళ్లుతాయి, రాళ్లలోకి దిగితే మొక్క బతుకుతుంది. ఫిట్టోనియా, పెపరోమియా లాంటి చిన్న టెర్రేరియం మొక్కలు తడి గాలి కోరతాయి గానీ బురదలో నిలబడవు.

మట్టి పరీక్ష:
మీ తమ్ముడు చెప్పిందే రైటండి. గిన్నెలు తోమే స్పాంజి ఒకటి తీసుకోండి. నీళ్లలో ముంచి, అడ్డంగా పట్టుకుని చుక్కలు ఆగేదాకా చూడండి. ఆగాక దాన్ని నిలువుగా తిప్పండి. మళ్లీ కారుతుంది. స్పాంజి అదే, నీళ్లూ అవే, ఎత్తు ఒక్కటే మారింది. మట్టి కూడా అడుగున కొంత మందం మేర నీటిని పట్టుకునే ఉంటుంది, ఆ మందం మట్టి రకాన్ని బట్టి ఉంటుంది తప్ప కింద ఏముందన్న దాన్ని బట్టి కాదు. కింద రాళ్లున్నాయని ఆ నీరు దిగదు, ఎందుకంటే సన్న సందుల్లోంచి పెద్ద సందుల్లోకి నీరు అంత తేలిగ్గా జారదు. పైనున్న మట్టి పూర్తిగా నానాకే జారుతుంది. అంటే రాళ్లు పోస్తే ఆ తడి పొర రెండంగుళాలు పైకి, వేళ్లకి ఇంకా దగ్గరగా వస్తుంది. అడుగు ఎత్తు తొట్టిలో రెండంగుళాలంటే మాటలా?

పైగా మీ తొట్టి కొలతకి ఆ రాళ్లు 9 లీటర్ల పైమాటే, బరువు 13-14 కిలోలు. ఎవరు మోస్తారు?

కడియం పక్కూరు:
బరువు సంగతి వదిలెయ్యండి సార్. నిండా నీళ్లున్నప్పుడు అదే తొట్టి 50 కిలోలకు పైగా మోసింది. మీ స్పాంజి లెక్క కన్నం ఉన్న కుండీకి వర్తిస్తుంది, ఒప్పుకుంటాను. కుండీ అడుగున పెంకులు వెయ్యడం వల్ల ఒరిగేదేం లేదు. ఇక్కడ కన్నమే లేదు. మట్టి నానిపోయాక కూడా ఇంకా నీళ్లు పోస్తే అవి ఎక్కడుండాలి? రాళ్లు లేకపోతే ఆ అంగుళం నీళ్లు మట్టిలోనే ఉంటాయి. రాళ్లుంటే మట్టి కిందుంటాయి, గాజులోంచి కళ్లకి కనిపిస్తాయి కూడా. నీటి గీత కనిపించిందా, పోయడం ఆపేస్తాం. కొత్తగా పెట్టేవాళ్లకి అంతకన్నా మంచి మీటరు లేదు.

ఓ చిట్కా. చేపల తొట్టి గాలి పంపుకి ఉండే సన్నటి ప్లాస్టిక్ ట్యూబు పారెయ్యకండి. ఒక మూలన నిలువుగా, ఒక కొస రాళ్లలో, ఇంకో కొస మట్టి పైన ఉండేలా పాతండి. నీళ్లు ఎక్కువైతే సిరంజి తగిలించి లాగెయ్యొచ్చు.

మట్టి పరీక్ష:
ట్యూబు ఆలోచన బాగుంది, కాదనను. కానీ ట్యూబు పెట్టి లాగాల్సి వస్తోందంటే నీళ్లు పొయ్యడంలోనే తేడా ఉన్నట్టు. కొలిచి పోస్తే రాళ్లూ అక్కర్లేదు, సిరంజీ అక్కర్లేదు.

ఇస్త్రీ బొగ్గు:
నా పేరు చూశారుగా, బొగ్గు గురించి నేనే చెప్పాలి. వీడియోల్లో చెప్పేది యాక్టివేటెడ్ చార్‌కోల్, అంటే పీల్చే గుణం పెంచిన బొగ్గు. ఇస్త్రీ బండి దగ్గర తెచ్చే బొగ్గుకి అంత పీల్చే గుణం ఉండదు. యాక్టివేటెడ్ అయినా కొన్నాళ్లకి నిండిపోతుంది, ఆ తర్వాత మామూలు నల్ల రాయే. వేస్తే నష్టం లేదు, వాసన పోతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

దానికన్నా ముఖ్యమైంది ఉప్పు. చేపలకి తెల్లమచ్చలొస్తే తొట్టిలో కల్లుప్పు వేశారా? వేసుంటే ఆ పాత గులకరాళ్లని నాలుగైదు నీళ్లు మార్చి కడగందే వాడకండి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కూడా అంతే, కడగని ఇటుకలో ఉప్పు ఉంటుంది. గాజు మీద బోరు నీళ్ల తెల్ల చారలుంటే వెనిగర్ గుడ్డతో తుడవండి.

పాత సీసా:
మూత సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ఉంచండి. అసలీ పద్ధతి పుట్టిందే మూతతో. 1829లో లండన్ డాక్టరు నథానియల్ వార్డ్ చిమ్మట గూడు ఒకటి తడి మట్టిలో పెట్టి సీసా మూసేశాడు. చిమ్మట సంగతలా ఉంచితే ఆ మట్టిలో ఓ ఫెర్న్, కాస్త గడ్డి మొలిచాయి. ఊరి పొగకి బయట బతకని ఫెర్న్, చుక్క నీళ్లు పొయ్యకుండా లోపల నాలుగేళ్లకు దగ్గరగా బతికింది. చివరికెలా పోయిందనుకున్నారు? మూత తుప్పు పట్టి వాన నీళ్లు లోపలికెళ్లి. ఆ సీసాలో రాళ్లు ఎన్ని అంగుళాలో అడక్కండి మరి, ఇద్దరూ మళ్లీ మొదలుపెడతారు.

కృష్ణ ఒడ్డు:
లండన్ వేరు, బెజవాడ వేరు. మేలో మూసిన గాజు పెట్టె అంటే మొక్కల్ని ఉడకబెట్టడమే.

పాత సీసా:
అదే వార్డ్ 1833లో అలాంటి పెట్టెల్లో మొక్కలు ఓడ మీద సిడ్నీకి పంపాడు. భూమధ్యరేఖ దాటి బతికే వెళ్లాయి. స్కాట్లండ్ వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా నుంచి హిమాలయాల తోటలకి టీ మొక్కలు తెచ్చింది వార్డ్ పెట్టెల్లోనే. నీలగిరులకి సింకోనా (క్వినైన్ మందు చెట్టు) వచ్చిందీ వాటిల్లోనే. వేడికే చస్తాయంటే అవేవీ రాకూడదు.

కృష్ణ ఒడ్డు:
వచ్చినవి ఊటీ చలికి, హిమాలయాలకి వచ్చాయి. మా హాలుకి కాదు. ఇక్కడ ఏప్రిల్, మే రాత్రుళ్లు కూడా గది చల్లబడదు. నాచు, ఫెర్న్ అక్కడే ఓడిపోతాయి.

రామగుండం:
ఇద్దరూ ఒకే ఊరి గాలి లెక్కేస్తున్నారన్నా. మా దగ్గర వేసవిలో వడగాలి. గాలిలో తడే ఉండదు. మూత తీస్తే ఫిట్టోనియా ఆకులు సాయంత్రానికి వాలిపోతాయి. ఏసీ గదిలోనూ అదే కథ, ఏసీ గాలిలోని తడి లాగేస్తుంది. బెజవాడ ఉక్కకి మూత తీసినా నడుస్తుంది. మూత గాజుకి నాలుగు వేళ్ల సందు ఉంచి, అద్దం మీద చెమట చూసి తగ్గించుకోవడం మంచిది. పొద్దున కాస్త చెమట పట్టి మధ్యాహ్నానికి ఆరితే సరిపోయినట్టే. రోజంతా పట్టే ఉంటే నీళ్లెక్కువ. ఇక ఎండ నేరుగా పడే కిటికీ దగ్గర అయితే మూత ఉన్నా లేకున్నా పెట్టకండి. నాకు తెలిసి ఎక్కువ తొట్లు చచ్చేది అక్కడే.

బెజవాడ బాల్కనీ:
అందరికీ థ్యాంక్స్. ఒక టెన్షన్: రాళ్లలో నీళ్లు నిలిస్తే దోమలు రావా? ఫ్రైడే డ్రైడే అంటూ మున్సిపల్ వార్డు నుంచి వచ్చి నిల్వ నీళ్లు ఉన్నాయేమో చూస్తారు. ఇంకా, కారే మూల అతికించాలా?

ఇస్త్రీ బొగ్గు:
నీళ్లు మట్టి కిందే ఉంటే దోమ గుడ్లు పెట్టడానికి చోటుండదు. పాతిన ట్యూబు నోట్లో మాత్రం దూది పెట్టండి. చిన్న నల్ల ఈగలు రావచ్చు, వర్మీకంపోస్టు ఎక్కువేస్తే. వాటి వల్ల డెంగ్యూ రాదు, చికాకు మాత్రం వస్తుంది.

మట్టి పరీక్ష:
అతికించకండి! మీకు దేవుడే కన్నం పెట్టాడు. కారే మూల కిందికి వచ్చేలా తొట్టిని ఒక్క పిసరు వాల్చి, కింద ట్రే పెట్టండి. ఇక రాళ్ల గొడవే లేదు.

కడియం పక్కూరు:
అది కన్నం కాదండి, సన్న సందు. మట్టి పేరుకుని పూడుకుపోతుంది. పూడకుండా ఉండాలంటే ఆ మూల వరకైనా రాళ్లు కావాలి. పైగా ట్రే నిండితే కింద టీవీ స్టాండు చెక్క ఉబ్బుతుంది. అడుగు మూల ఊడిన తొట్టికి మట్టి బరువుతో ఇంకా ఊడే ప్రమాదం కూడా ఉంది. నా మాట విని అతికించి, రాళ్లు పొయ్యండి.

బెజవాడ బాల్కనీ:
కారేది అడుగు మూల కాదండి, పక్క అద్దాలు కలిసే చోట, కింది నుంచి మూడంగుళాల ఎత్తులో. అంత ఎత్తుకి నీళ్లు నిలవనివ్వను కాబట్టి అతికించడం మానేస్తున్నా. రాళ్లు ఒక్క అంగుళం, ట్యూబు పెడతాను. మట్టి ఆరంగుళాలు పోస్తాను. ఇద్దరికీ సగం సగం నచ్చుతుందేమో.

మట్టి పరీక్ష:
ఆ అంగుళం కూడా అక్కర్లేదనే నా మాట. సరే, మీ తొట్టి. మట్టిలో ఎర్రమన్ను ఎక్కువెయ్యకండి, గట్టిపడుతుంది. కడిగిన కోకోపీట్ రెండు వంతులు, పెర్లైట్ (తేలికైన తెల్ల గుళికలు) గానీ కడిగిన ఇసుక గానీ ఒక వంతు. ముందు మట్టిని తడిపి, పిడికిట్లో గట్టిగా పిండి చూడండి. ఒకటి రెండు చుక్కలు రాలితే అదే పాళ్లు. అంతకన్నా కారితే ఓ పూట ఆరబెట్టాకే తొట్టిలో వెయ్యండి.