అప్‌డేట్: నాన్న వాకర్ వాడనంటున్న సమస్య తీరింది

నెల క్రితం అడిగాను, గుర్తుందా? నాన్నకి 78 ఏళ్లు. వాకర్‌తో నడిస్తే ముందుకు వంగిపోతున్నారు, భుజాలు నొప్పి అంటున్నారు, చివరికి దాన్ని మూలన పెట్టేసి గోడలు పట్టుకుని తిరుగుతున్నారు అని. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

ఫిజియోథెరపిస్ట్ వచ్చి చూశారు. నాన్నని రోజూ వేసుకునే చెప్పులతోనే నిటారుగా నిలబెట్టి, చేతులు కిందికి వదిలేయమన్నారు. పిడి మణికట్టు ముడత ఎత్తులో ఉండాలట. మాది నాలుగు వేళ్లు కిందికి ఉంది! వాకర్ కాళ్ల మీదున్న బటన్లు నొక్కి మూడు రంధ్రాల మేర ఎత్తు పెంచారు. ఒక కాలు మిగతా మూడింటికంటే ఒక రంధ్రం తేడాగా ఉందని కూడా అప్పుడే తెలిసింది. ఇప్పుడు పిడి పట్టుకుంటే మోచేయి కొద్దిగా వంగుతోంది, అంతే ఉండాలన్నారు. ఎత్తు చూడమని ఇక్కడ ఒకరు మొదటిరోజే రాశారు, నేనే పట్టించుకోలేదు.

చక్రాల వాకర్ అవసరం పడలేదు. వాకర్ కాళ్ల కింద అరిగిపోయిన రబ్బరు బుష్‌లు మార్చాను. జారకుండా ఉండాలంటే ఎలాగూ మార్చాల్సినవే, కానీ నొప్పికీ వాటికీ సంబంధం లేదు.

ఎవరం ఊహించనిది ఇంకోటి ఉంది. రెండు చేతులూ వాకర్ మీదే ఉంటే ఫోన్, కళ్లజోడు ఎలా తీసుకెళ్లాలి? నాన్న విసుగులో సగం అదేనట, అడిగితేగానీ చెప్పలేదు. వాకర్ ముందువైపు కమ్మీకి గుడ్డ సంచి కట్టాం. ఇప్పుడు టీవీ రిమోట్ కూడా అందులోకే చేరుతోంది, అమ్మకి అదో కొత్త టెన్షన్.